మా దయ్యం ఏది, మేనేజర్ సాబ్?

నేను చదివింది మూడో తరగతి దాకానే. అయినా పద్నాలుగు మంది ఆడవాళ్లు ఒక సినిమా టాకీసు మేనేజరును చుట్టుముట్టి, దయ్యాన్ని దొంగిలించావని నిలదీసేలా చేసిన ఘనత నాకుంది. యాకుత్‌పురాలో మా పాత వాడకట్టు వాళ్లు ఇప్పటికీ ఏ పెండ్లిలోనో కనబడితే, నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అంత పరువు పోయిన కథ అది. వేరేవాళ్లు చెబితే పెంచి చెబుతారని, నేనే చెప్పేస్తున్నాను. పెంచి చెబితే ఏమవుతుందో నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు.

పంతొమ్మిదేండ్లకు మలక్‌పేట నుంచి యాకుత్‌పురాకు కోడలిగా వచ్చాను. ఒకే వాకిలి చుట్టూ ఆరు ఇండ్లు, నడుమ ఒక నల్లా. వెనుక పట్టాల మీద రైలు పోతే ఆరు ఇండ్ల గిన్నెలూ ఒకేసారి మోగేవి. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పని. ఆయన పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేది. ఇంట్లో నేనూ, మా అత్తమ్మ మల్లమ్మా. మా అత్తమ్మ చెడ్డది కాదు, కానీ నోరు మంచిది కాదు. నా జొన్నరొట్టె చార్మినార్ మీద నుంచి విసిరినా విరగదని నల్లా దగ్గర అందరికీ చెప్పేది. నా పప్పు చారులో పప్పును వెతకడానికి కళ్లజోడు కావాలనేది. మూడు నెలలు నేను ఏ పని చేసినా ఆమె ముఖంలో ఒక్క నవ్వు చూడలేదు.

ఒకనాడు ఇద్దరం వాకిట్లో కూర్చొని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. ఊరికే కూర్చోలేక, పెండ్లికి ముందు చూసిన ఒక సినిమా కథ మొదలుపెట్టాను. హీరో గుర్రమెక్కే దగ్గర గుర్రమై సకిలించాను. విలన్ నవ్వే దగ్గర విలనై నవ్వాను. కాసేపటికి చూస్తే అత్తమ్మ కళ్లు చాట మీద లేవు, నా మీద ఉన్నాయి. ఏరిన రాళ్లను బియ్యంలో వేస్తోంది, బియ్యాన్ని బయట పారేస్తోంది!

ఆ రోజు నుంచి నా దశ తిరిగింది. మా వాకిట్లోకి టీవీ ఇంకా రాని కాలం. అందరూ సినిమాలకు పోయే తీరికా లేదు. అందుకని నన్ను పదిహేను రోజులకొకసారి మ్యాట్నీకి పంపడం, నేను వచ్చి ఆరు ఇండ్ల ఆడవాళ్లకు కథ చెప్పడం ఒక పద్ధతి అయిపోయింది. అత్తమ్మ అందరికంటే ముందు చాప పరుచుకొని నా పక్కనే కూర్చునేది. "మా కోడలు సూశిందంటే మీరందరు సూశినట్టే" అని ఒకసారి చుట్టూ చూసి, నాకు తల ఊపేది. ఆ తల ఊపే దాకా నేను నోరు తెరవకూడదు.

ఎదురింటి కాంతమ్మకు ఇది కొంచెం కంటగింపుగా ఉండేది. వాళ్లది బేగంబజారులో పప్పులూ చక్కెరా టోకున అమ్మే కుటుంబం. కోడలు పదో తరగతి పాసైంది. కానీ ఆ పిల్లను సినిమా కథ చెప్పమంటే, "హీరో వస్తడు, హీరోయినొస్తది, ఆఖర్ల పెండ్లయితది" అని మూడు ముక్కల్లో ముగించేది. అందుకే మా అత్తమ్మ కాంతమ్మ ముందు నన్ను పండుగ పూట నగలాగా పెట్టుకొని తిరిగేది. నాకూ తెలుసు, ఈ కథలు చెప్పడం ఒక్కటి పోతే మళ్లీ నేను విరగని జొన్నరొట్టె కోడలినే.

ఇంతలో మా దగ్గరి టాకీసులో ఒక కొత్త హిందీ సినిమా పడింది. గోడ మీద అతికించిన బొమ్మలో ఒక పెద్ద పాడుబడ్డ ఇల్లు, దాంట్లో ఒకే ఒక్క కిటికీలో దీపం. మనిషన్నవాడు లేడు.

"దయ్యం సినిమానట మల్లమ్మా" అంది కాంతమ్మ నల్లా దగ్గర. "నీ కోడలు తట్టుకుంటదా మరి?"

"నా కోడలా? దయ్యమే తట్టుకోవాలె" అంది అత్తమ్మ. "ఏమే అనసూయా?"

నేనేం తక్కువ తిన్నానా? బిందె చంకన పెట్టుకొని, "దయ్యమా? గసొంటియి మలక్‌పేటల మస్తు సూశిన అత్తమ్మా" అన్నాను. మలక్‌పేటలో నేను చూసినవి రేసుకోర్సు గుర్రాలు. దయ్యాన్ని కాదు కదా, దయ్యం చుట్టాన్ని కూడా ఎన్నడూ చూడలేదు.

మంగళవారం మ్యాట్నీకి ఒక్కదాన్నే పోయాను. ఒక్కదాన్నే ఎట్లా పంపారని అడుగుతారేమో. ఆ టాకీసులో ఆడవాళ్లకు జనానా అని వేరే తరగతి ఉండేది, ముందర ఒక పెద్ద పరదా. లైట్లు ఆర్పాక పరదా పక్కకు లాగేవాళ్లు, ఇంటర్వెల్‌లో లైట్లు వేసే ముందు మళ్లీ మూసేవాళ్లు. మగవాళ్ల కన్ను పడే పని లేదు. పైగా జనానా గేటు దగ్గర టికెట్లు చింపే రాములమ్మ మా అత్తమ్మకు వరుసకు చెల్లెలు. టార్చిలైటు పట్టుకొని నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి పోయింది.

సినిమా మొదలైంది. ఒక కొత్త పెండ్లికూతురు ఆ పెద్ద ఇంట్లోకి వస్తుంది. మంచిది. దీపం పట్టుకొని పొడుగాటి వసారాలో నడుస్తుంది. అదీ మంచిదే. వసారా చివర ఒక తలుపు. ఆ పిల్ల నడుస్తూనే ఉంది, తలుపు దగ్గరవుతూనే ఉంది. పాట లేదు, మాట లేదు. ఎక్కడో బావి గిలక కిర్రుమంటుంది. నీళ్లు తోడే మనిషి మాత్రం కనబడదు. ఒక గదిలో కుర్చీ ఊగుతుంది, దాంట్లో ఎవరూ లేరు.

దయ్యం ఒకసారి తెర మీదికి వచ్చి పండ్లు ఇకిలిస్తే, అందరితో పాటు నేనూ ఒక కేక వేసి, తర్వాత పల్లీలు తింటూ కూర్చునేదాన్ని. ఇది రాదే! వస్తున్నానని చెబుతుంది, రాదు. తలుపు వెనుక ఉన్నానంటుంది, తలుపు తీస్తే ఉండదు. లేదని ఊపిరి వదలబోతుంటే మళ్లీ గిలక కిర్రుమంటుంది. పావుగంటకే నా అరికాళ్లు మంచుగడ్డలయ్యాయి. ఆ పిల్ల రెండోసారి ఆ తలుపు గడియ మీద చేయి వేయగానే, నేను కొంగు తీసి తల మీద నిండా కప్పుకొని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

ఇంటర్వెల్‌లో తెరిచాను. గిలక మోగగానే మళ్లీ మూశాను. సినిమా అయిపోయాక పక్కన కూర్చున్న ఆమెను, "ఆఖర్ల ఏమైందక్కా?" అని అడిగాను. ఆమె చెంపలు వేసుకొని, "తౌబా తౌబా" అంటూ లేచి పోయింది. ఆ రెండు మాటల నుంచి కథ ఎట్లా తీసేది?

దారి పొడుగునా నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. 'భయమైంది అత్తమ్మా, కండ్లు మూసుకున్న' అని మాటలు కూడా కూర్చుకున్నాను. కానీ వాకిట్లో అడుగుపెడితే ఏముంది! చాపలు పరిచి ఉన్నాయి. ఆరు ఇండ్ల ఆడవాళ్లూ బారులు తీరి కూర్చున్నారు. కుట్టుమిషను పని విడిచిపెట్టి పక్కింటి బిల్కీస్ ఆపా కూడా వచ్చింది. కాంతమ్మ మామిడికాయ ముక్కలూ, ఉప్పూ కారం పళ్లెంలో పెట్టుకొని ముందర కూర్చుంది. మా అత్తమ్మ నా చేతికి చాయ్ గ్లాసు ఇచ్చింది. తన చేత్తో! పెండ్లయ్యాక మొదటిసారి.

"దయ్యాన్ని సూశినవా?" అంది కాంతమ్మ.

"ఎందుకు సూడది? నా కోడలుకు కండ్లు లేవా?" అంది అత్తమ్మ. నా వైపు తిరిగి, తల ఊపింది.

ఇంకేం చెప్పను? మొదలుపెట్టాను.

పెద్ద ఇల్లు, వసారా, తలుపు... చూసింది చెప్పడానికి ఒక చాయ్ తాగినంత సేపు పట్టింది. తర్వాత తలుపు తీయాలి కదా, తీశాను. తీశాక దయ్యం ఉండాలి కదా, పెట్టాను. దయ్యం అన్నాక జుట్టు ఉంటుంది. ఏడు మూరలు వదిలాను. కాళ్లు వెనక్కి తిప్పాను. చేతులకు ఆకుపచ్చ గాజులు తొడిగాను. అందరూ ఒకరికొకరు దగ్గరగా జరిగారు.

"దానికేం గావాలెనట?" అంది కాంతమ్మ మామిడికాయ ముక్క ఉప్పులో అద్దుకుంటూ.

దానికి ఏం కావాలో నేను ఆలోచించలేదు. నా కళ్లు ఆ పళ్లెం మీద పడ్డాయి. "ఉప్పు" అన్నాను.

"ఉప్పా?"

"ఆఁ. దీపాలు పెట్టే యాళ్లకు గడప గడపకు పోయి, 'జరంత ఉప్పుంటే పెట్టమ్మా' అంటది. ఎందుకంటే, బతికున్నప్పుడు అత్త దానికి ఉప్పులేని కూడు పెట్టి సంపింది."

 అత్తమ్మ కనుబొమలు పైకి లేచాయి. "అత్తనా?"

"అయ్యో, సొంత అత్త గాదత్తమ్మా! మేనత్త... గాదు గాదు, వంటామె! వంటామె పెట్టింది."

"గట్ల జెప్పు" అంది అత్తమ్మ. కథ గండం గడిచి ముందుకు పోయింది.

"ఉప్పు పెట్టినోళ్లకు ఏమైతది?" అంది బిల్కీస్ ఆపా.

నాకేం తెలుసు ఏమవుతుందో? "గది రేపు జెప్త" అన్నాను.

ఆ విధంగా రెండున్నర గంటల సినిమాను నేను మూడు రోజులు చెప్పాను. రెండోనాడు దయ్యానికి ఒక చెల్లెలు పుట్టింది. మూడోనాడు ఒక మంత్రగాడు వచ్చి, ఉప్పు బస్తా మీద కూర్చొని దయ్యాన్ని గెలిచాడు. అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "గా పిల్లకు బతికున్నప్పుడే ఎవలన్న ఇంత ఉప్పు పెడితే అయిపోతుండె గదా" అని ముక్కు చీదింది. ఆ రాత్రి నా జొన్నరొట్టెను ఏమీ అనకుండా తినేసింది.

ఇక్కడితో ఆగితే నేను గొప్ప మనిషిగానే మిగిలేదాన్ని. కానీ మా వాకిట్లో ఉప్పుకు కష్టకాలం వచ్చింది. ఒకరింట్లో తక్కువైతే ఇంకొకరింట్లో అడిగి తెచ్చుకోవడం మాకు అలవాటు. ఇప్పుడు దీపాల వేళకు ఎవరి తలుపు తట్టినా లోపలి నుంచి దయ్యాన్ని తరిమే చీపురు చప్పుడు! ఒక సాయంత్రం మా గడప దగ్గర, "ఖాలా, జర నమక్ దేవ్" అని ఉప్పడిగే గొంతు వినబడింది.

"ఎవలది?" అంది అత్తమ్మ, చేతిలో చీపురుతో.

"నేనే ఖాలా, బిల్కీస్. కూర పొయ్యి మీదున్నది, జల్దీ!"

"ముందుగాల కాళ్లు సూపియ్."

"క్యా?"

"కాళ్లు! కాళ్లు సూపిచ్చినంకనే ఉప్పు."

బిల్కీస్ ఆపా గడప అవతల ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత, "అయితే మీ కాళ్లు భీ దిఖావ్ ఖాలా! ఇచ్చేటోళ్లు దయ్యం కాదని నాకేం నమ్మకం?" అంది.

గడపకు ఇటు మా అత్తమ్మ, అటు బిల్కీస్ ఆపా, ఇద్దరూ కుచ్చిళ్లు ఎత్తి ఒకరి పాదాలు ఒకరు పరీక్షగా చూసుకున్నారు, గాజుల బజారులో గాజులు చూసుకున్నట్టు. అక్కడ బిల్కీస్ ఆపా కూర మాడిపోయింది. మా ఇంట్లో ఉప్పు డబ్బా పొద్దు వాలక ముందే బియ్యం బస్తా వెనుక దాక్కునేది. నేనూ చీకట్లో దాని దగ్గరికి పోయేదాన్ని కాదు. అవును, నేను కల్పించిన దయ్యానికి నేనే భయపడ్డాను! మా ఆయన అన్నం కలుపుకొని, "ఏం సినిమా సూశినవే? మూడొద్దుల సంది కూరల ఉప్పే లేదు" అన్నాడు.

చివరికి కాంతమ్మే బాంబు పేల్చింది. "గింత మంచి సినిమాను ఇనుడేంది? కండ్లార సూడాలె. అందరం పోదాం పా!"

నల్లా కింద నా బిందె నిండి పొర్లిపోతున్నా నేను చూడలేదు. "నల్లులున్నయి కాంతమ్మా, కుర్చీలల్ల మస్తు నల్లులు!" అన్నాను. "మా మంచంల లేవా?" అంది. "సినిమా ఎత్తేసిన్రేమో" అన్నాను. గోడ మీద బొమ్మ ఉందన్నారు. "అత్తమ్మా, నీకు మోకాళ్ల నొప్పులు గదా?" అన్నాను.

"నా కోడలు జెప్పిన సినిమా నేను సూడకపోతే, ఈ మోకాళ్లుండి ఏం ఫాయిదా?" అంది అత్తమ్మ.

మరుసటి వారం గురువారం మ్యాట్నీకి పద్నాలుగు మందిమి బయలుదేరాం. అందరూ బతుకమ్మ ఆటకు పోతున్నట్టు ఉన్నారు. నేను ఒక్కదాన్ని కసాయి వెంట పోయే మేకలాగా ఉన్నాను. జనానాలో రెండు వరుసలు మావే. అత్తమ్మ నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది.

లైట్లు ఆరాయి, పరదా జరిగింది. పెద్ద ఇల్లు, వసారా, తలుపు.

"అగో, తలుపు!" అని కాంతమ్మ చుట్టుపక్కల ముక్కూముఖం తెలియని ఆడవాళ్లకు కూడా చెప్పసాగింది. "ఇప్పుడు జూడుండ్రి, ఏడు మూరల ఎంటికలతోని ఎల్తది!"

తలుపు తెరుచుకుంది. గదిలో ఎవరూ లేరు.

"ఏదే?" అంది అత్తమ్మ.

"జరాగు అత్తమ్మా. ఇంటర్వెల్ ముంగట" అన్నాను. ఇంటర్వెల్ అయింది. "ఇంటర్వెల్ ఎనుక" అన్నాను. గిలక మోగింది, కుర్చీ ఊగింది, కిటికీలో దీపం ఆరింది. "ఆఖర్ల" అన్నాను. మొదటిసారి దయ్యం వస్తుందేమోనని భయం. ఇప్పుడు రాదేమోనని భయం. నిజం చెబుతున్నాను, రెండో భయం ముందు మొదటిది ఏ మూలకు! ఈసారి నా కళ్లు తెరిచే ఉన్నాయి కానీ, నేను సినిమా చూడలేదు, అత్తమ్మ ముఖమే చూశాను. తెర వెలుగులో ఆ ముఖం క్షణక్షణానికీ బిగుసుకుపోతోంది. 'తల్లీ, ఒక్కసారి వచ్చిపో. ఎంటికలు లేకున్నా సరే, కాళ్లు ముంగటికున్నా సరే' అని ఆ దయ్యాన్ని మొక్కుకున్నాను. రాలేదు. సినిమా అయిపోయింది.

పరదా మూసి లైట్లు వేశారు. రెండు వరుసల్లో ఎవరూ లేవలేదు.

"ఉప్పేది?" అంది కాంతమ్మ.

"చెల్లెలేది?" అంది బిల్కీస్ ఆపా. "మంత్రగాడు కిధర్ గయా?"

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నా నోటి నుంచి ఏం మాట వచ్చిందో తెలుసా? "రీళ్లు కోసేసినట్టున్నరు అత్తమ్మా."

నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. అత్తమ్మ కొంగు నడుముకు చుట్టింది. "పైసలు తీసుకొని దయ్యాన్ని కోసేస్తరా? నడువుండ్రి!" అని లేచింది. పద్నాలుగు మందిమి మెట్లు దిగి మేనేజర్ గదిలోకి పోయాం. ఆయన పాపం చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. మమ్మల్ని చూసేసరికి బిస్కెట్ చాయ్‌లో పడిపోయింది.

"మా దయ్యం ఏది, మేనేజర్ సాబ్?" అంది అత్తమ్మ.

"ఏం దయ్యం అమ్మా?"

"ఉప్పడిగే దయ్యం! పోయిన వారం మంగళారం ఉండె, ఇయ్యాల బేస్తారం లేదు. ఏం జేసిన్రు?"

"అమ్మా, ఆ పిక్చర్‌ల దయ్యమే లేదు. ఉన్నట్టు అనిపిస్తది, గంతే. అదే దాని కమాల్."

"ఉన్నట్టు అనిపిచ్చేటందుకు టికెట్ ఎందుకయ్యా?" అంది కాంతమ్మ. "మా వాకిట్ల తొమ్మిదొద్దుల సంది అనిపిస్తనే ఉన్నది!"

"మంత్రగాడు ఉప్పు బస్తా మీద కూసునే సీను భీ కాట్ దియే!" అంది బిల్కీస్ ఆపా.

"మంత్రగాడెవలు? ఉప్పు బస్తా ఏంది?" మేనేజర్ తల పట్టుకున్నాడు. "గివన్ని ఎవలు సూశిన్రమ్మా?"

"నా కోడలు సూశింది!" అంది అత్తమ్మ, నన్ను ముందుకు లాగి. "అబద్ధమాడుతదా నా కోడలు?"

ఈ లొల్లి విని జనానా గేటు నుంచి రాములమ్మ పరుగెత్తుకొచ్చింది. నన్ను చూడగానే, "అయ్యో బిడ్డా, ఇప్పుడు పానం మంచిగున్నదా?" అంది.

"దాని పానానికేమైంది?" అంది అత్తమ్మ.

"పోయిన వారం మంగళారం నెత్తి నిండ కొంగు కప్పుకొని, కండ్లు మూసుకొని ఒణుక్కుంట కూసున్నదక్కా! సలిజరమేమోనని టార్చి కొట్టి సూశిన. సినిమా మొత్తం గట్లనే ఉన్నది."

 నేను నేల మీద పలకలు లెక్కపెడుతున్నాను. "భయమైంది అత్తమ్మా" అన్నాను. ఆ ముక్క మంగళవారమే అని ఉంటే పోయేది. కాంతమ్మ మొదట కిసుక్కుమంది. తర్వాత గోడకు చేరగిలబడి పొట్ట పట్టుకొని నవ్వింది. ఒక్కొక్కరే అందుకున్నారు. అయిపోయింది, నా మ్యాట్నీలూ, నా చాపా, నా చాయ్ గ్లాసూ అన్నీ పోయాయి అనుకున్నాను.

అత్తమ్మ నవ్వలేదు. నా వైపు చాలాసేపు చూసింది. తర్వాత మేనేజర్ వైపు తిరిగింది.

"సూశినవా సాబ్? కండ్లు మూసుకున్న పొల్ల గింత కథ జెప్పింది. కండ్లు తెర్సుకొని తీసినోళ్లు ఒక్క దయ్యాన్ని సూపియ్యకపోయిరి. సిగ్గుండాలె!"

మేనేజర్ చాయ్ పక్కకు జరిపాడు. లేచి నిలబడి అత్తమ్మకు దండం పెట్టాడు.

గుమ్మం దాటాక అత్తమ్మ నా చేయి పట్టుకుంది. తిడుతుందని తల వంచుకున్నాను.

"ఇగ నీకు సినిమాలు బంద్" అంది.

"సరే అత్తమ్మా."

"కండ్లు మూసుకునేటందుకు గింత దూరం అచ్చుడెందుకు? ఇంట్ల మూసుకో. మూసుకొని జెప్పు. మంగళారం మంగళారం, ఆరు ఇండ్లోళ్లు వస్తరు."

ఆ రోజే టాకీసు మెట్ల మీద, ఆరు ఇండ్ల ఆడవాళ్ల సాక్షిగా, కుడిచేయి నెత్తిన పెట్టుకొని ప్రమాణం చేశాను: చూడని సినిమాను చూశానని ఈ కట్టె కాలే దాకా చెప్పను. ఇన్నేండ్లుగా ఆ మాట తప్పలేదు. చూసిన సినిమాను ఉన్నది ఉన్నట్టు చెప్పమని మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రమాణం చేయించలేదు.